చుక్క కంటికి

కూతురితో మాట్లాడాలంటే షైనీ గది తలుపు గడియ పెట్టుకుని ఫోన్ చేసేది. కూతురు ఎక్కడో దూరాన లేదు. ఆ తలుపుకి అవతల, హాల్లో, మామ్మ పక్కన కూర్చుని ఉండేది. అత్తగారి ఫోన్ మోగడం షైనీకి తలుపు సందులోంచే వినిపించేది. తర్వాత చిన్న పాదాల పరుగు. ఆ తర్వాత చెవిలో ఆ గొంతు.

"మమ్మీ! ఎప్పుడొస్తావ్?"

"వచ్చేస్తానమ్మా. డాక్టర్ గారు ఇంకా పంపించట్లేదు."

"రేపొస్తావా?"

"రేపు కాదు బంగారం."

తన అసలు గొంతు ఎక్కడ తలుపు దాటి వెళ్తుందోనని షైనీ దుప్పటి ముసుగు పెట్టుకుని మాట్లాడేది. కాలిన చర్మానికి దుప్పటి తగిలితే భగ్గుమనేది. అయినా ముసుగు తీసేది కాదు.

అంతకుముందు ఆమెకి కొత్తపేట సెంటర్లో బ్యూటీ పార్లర్ ఉండేది. పెళ్ళిళ్ళ రోజులొస్తే రావులపాలెం నుంచీ ముక్కామల నుంచీ కూడా పెళ్ళికూతుళ్ళని తీసుకొచ్చేవారు. చామనఛాయ పిల్లకి తెల్లపొడి పులిమి పంపడం షైనీకి చేతకాదు. ఎవరి మొహంలో ఏది బాగుందో ఒక్క చూపులో పట్టుకుని దాన్నే పైకి తెచ్చేది. తను కూడా చూడముచ్చటగా ఉండేది. ఆ సంగతి ఆమెకి తెలుసు. పొద్దస్తమానం అద్దాల మధ్య తిరిగే మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది?

ఆ పార్లర్‌కే ఒక వానాకాలం పిల్లికూన ఒకటి తడిసి ముద్దై వచ్చి చేరింది. ఒళ్ళంతా తెలుపు. నుదుటి మీద మాత్రం గోరంత నల్లమచ్చ. "మీ ఇంట్లో బొట్టు పెట్టుకున్నది ఇదొక్కత్తేనండీ మేడమ్" అని వచ్చినవాళ్ళు నవ్వేవారు. అలా దాని పేరు చుక్క అయింది. పగలు పార్లర్లో, రాత్రి ఇంట్లో కూతురు శారోన్ పక్కలో పడుకునేది.

వ్యాక్స్ వేడి చేసుకోవడానికి వెనక గదిలో చిన్న గ్యాస్ పొయ్యి ఉండేది. ఒకరోజు పొద్దున్నే షైనీ తలుపు తీసి, జలుబు వల్ల వాసన తెలియక, అగ్గిపుల్ల గీసింది. ఆ తర్వాతి నెలలన్నీ కాకినాడలో ఆసుపత్రి మంచం మీద గడిచాయి. ప్రాణం దక్కింది. ఎడమ చెంప, చెవి, మెడ, ఎడమ చేతి వేళ్ళు మాత్రం కరిగి మళ్ళీ ఎలాగోలా గడ్డకట్టినట్టు అయ్యాయి. ఎడమ కంటి కింది రెప్ప కిందికి లాగేసి ఆ కన్ను ఎప్పుడూ తెరిచే ఉండేది.

ఇంటికి తీసుకొచ్చిన రోజున గుమ్మంలో శారోన్ నిలబడి ఉంది. యూకేజీ చదువుతున్న పిల్ల. మమ్మీ వస్తోందని కొత్త గౌను వేసుకుంది. ఆటో దిగిన మనిషిని చూసి కెవ్వుమని అరిచి లోపలికి పరుగెత్తి మంచం కిందికి దూరిపోయింది. ఎంత పిలిచినా రాలేదు. ఏడ్చి ఏడ్చి ఎగశ్వాస పట్టేసరికి అత్తగారు దీనమ్మ గారికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. మంచం కిందికి వంగి, "మమ్మీ కాదమ్మా, మమ్మీ ఆసుపత్రిలోనే ఉంది. ఈవిడ మమ్మీ ఫ్రెండు. ఒంట్లో బాగోక మనింట్లో ఉంటానికి వచ్చేరు" అంది.

అప్పటికా పూట గడవడానికి నోటికొచ్చిన మాట అది. పిల్ల ఏడుపు ఆపింది. ఏడుపు ఆపిన ఆ మాటని వెనక్కి తీసుకునే ధైర్యం మర్నాడు ఎవరికీ లేకపోయింది. శారోన్ ఎదుట షైనీ నోరు విప్పకూడదు. విప్పితే గొంతు గుర్తుపడుతుంది. చున్నీ మొహానికి కప్పుకుని, తన ఇంట్లో తనే ఎవరో ఆవిడై, మూగదానిలా తిరిగింది.

ఆ మొదటి రోజునే ఇంకొకటి జరిగింది. షైనీ గదిలో ఒంటరిగా కూర్చుని ఉంటే కిటికీ మీదికి చుక్క వచ్చింది. దిగలేదు. అక్కడే కూర్చుని ఆమె వంక చూసింది. చున్నీ అప్పుడు లేదు. షైనీ కూడా కదల్లేదు. ఇదీ పారిపోతుంది, పోనీ, అనుకుంది. పిల్లి చాలాసేపు అలాగే చూసి, కిటికీ దిగి, తోక నిక్కించుకుని వచ్చి ఒళ్ళోకి ఎక్కింది. కాలిన చేతిని ఒకసారి వాసన చూసి, దాని మీదే గడ్డం ఆనించి పడుకుంది. దాని గొంతులోని గురగుర షైనీ తొడల దాకా పాకింది. ఆసుపత్రిలో కట్లు మార్చేటప్పుడు కూడా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

చర్చి నుంచి ఆడవాళ్ళు వచ్చేవారు. మంచివాళ్ళే. వచ్చీరాగానే కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేవారు. చాలాసేపు చేసేవారు. ప్రార్థన అయ్యాక గోడమీది క్యాలెండర్ వైపు చూస్తూ ధైర్యం చెప్పి లేచేవారు. షైనీ భర్త అభిలాష్ హైస్కూల్లో బయాలజీ మాస్టారు. ఆమెకి వేళకి మందులిచ్చేవాడు. మెడకి నూనె రాసేవాడు. నూనె రాస్తున్నప్పుడు అతని చూపు తన వేళ్ళ మీదే ఉండేది. పిల్లి మాత్రం ఆమె మొహంలోకి చూసేది, రెప్ప వేయకుండా.

ఒకరోజు సాయంత్రం అభిలాష్ నూనె సీసా తీసుకొచ్చేసరికి చుక్క ఆమె ఒళ్ళో ఉంది.

"చూసేరా అండీ," అంది షైనీ. "దీనికి నన్ను చూస్తే ఏమీ అనిపించదు."

అభిలాష్ నవ్వాడు. చాలా రోజుల తర్వాత భార్య మామూలుగా మాట్లాడిందన్న సంతోషం అది. "పిల్లికి అందం చందం ఏం తెలుస్తాయి షైనీ. దగ్గర్లో ఉన్నది దానికి మసకగానే కనబడుతుంది. వాసనని బట్టి మనిషిని పడుతుంది. వెచ్చగా ఒళ్ళు కావాలి, అంతే."

ఎప్పుడూ క్లాసులో చెప్పే ధోరణిలోనే చెప్పాడు. చెప్పాక ఆమె వంక చూడకుండానే ఏదో తప్పు జరిగిందని గ్రహించాడు. ఆమె చెయ్యి పిల్లి వీపు మీద ఆగిపోయింది.

"అంటే దీనికి అందం తెలిస్తే ఇదీ వచ్చేది కాదంటారు."

"నేనలా అన్లేదు."

"మరి మీకు తెలుసు కదండీ అందమంటే. అందుకేనా చూడరు?"

అతను నూనె సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి షైనీకి ఒకటే ధ్యాస పట్టుకుంది. పిల్లికి అందమంటే తెలుసని తేలాలి. తెలియని జంతువు ఒళ్ళోకి వస్తే దానికి విలువేముంది? వేడిగా ఉన్న పొయ్యి గట్టు మీద కూడా పడుకుంటుంది. తెలిసి కూడా వస్తోందంటే మాత్రం, ఈ మొహంలో ఇంకా ఏదో మిగిలి ఉన్నట్టే. మొహాల్లో ఏది బాగుందో వెతికి పట్టుకోవడం తన పనే కదా. ఆ పని ఇప్పుడు తనకి చేతకావట్లేదు. అద్దంలోకి చూస్తే కాలినదే కనబడుతోంది. చుక్కకి ఇంకేమైనా కనబడుతోందేమో.

పొద్దున లేచింది మొదలు పిల్లి వెంటే ఉండేవి ఆమె కళ్ళు. మంచం మీద గోనెసంచీ, తన పెళ్ళి నాటి తెల్ల పట్టుచీరా పక్కపక్కన పరిచింది. చుక్క చీర మీదే పడుకుంది. షైనీ ఆ రోజు అన్నం కాస్త ఎక్కువ తింది. "పట్టు మెత్తగా ఉంటుంది కదా" అంది అత్తగారు మామూలుగా. మర్నాడు మెత్తటి పాత దుప్పటీ, పట్టుచీరా పరిచింది. చుక్క రెండింటినీ కాదని మూల ఉన్న అట్టపెట్టెలోకి వెళ్ళి పడుకుంది. షైనీ ఆ అట్టపెట్టె తీసుకెళ్ళి పెరట్లో పారేసింది.

వాన పడితే చుక్క వరండా చివర కూర్చుని వానని చూసేది. తడవదు, లోపలికీ రాదు. అందులో దానికేం కావాలి? తిండా, వెచ్చదనమా? ఇవేవీ కాదు కదా. ఇంక సాయంత్రాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంటి వెనకాల కాలవ. కాలవంతా గుర్రపుడెక్క అల్లుకుని ఊదారంగు పూలు పూసి ఉంది. ఎండ వాలేవేళకి చుక్క రేవు మెట్టు మీద ముందు కాళ్ళు చేర్చి కూర్చునేది. కొబ్బరాకుల మధ్య నుంచి వచ్చే ఎండ ఆ పూల మీద ఎర్రగా పడుతుంటే అటే చూస్తూ ఉండిపోయేది. పిలిచినా చెవి కూడా కదిపేది కాదు. కిటికీలోంచి చూస్తూ షైనీ, "అదిగో, తెలుసు దానికి, తెలుసు" అని తనలో తను అనుకునేది. ఒక్కోసారి పైకే అనేసేది.

తలుపు సందులోంచి శారోన్ కూడా పిల్లినే చూస్తోందని ఆమెకి కొన్నాళ్ళకి తెలిసింది. ఫోన్లో పిల్లే చెప్పింది.

"మమ్మీ, మనింట్లో ఒక ఆవిడ ఉంది."

"ఎలా ఉంటుందమ్మా?"

"మాట్లాడదు. ఒక కన్ను పెద్దగా ఉంటుంది. చుక్క నా దగ్గరికి రావట్లేదు మమ్మీ. ఆవిడ దగ్గరే పడుకుంటోంది. నువ్వొచ్చి ఆవిడ్ని పంపించెయ్."

షైనీ దుప్పటిని ఇంకాస్త బిగించుకుంది. "అలాగే" అంది.

ఫోన్ పెట్టేశాక, అవతల శారోన్ "చుక్కా, చుక్కా" అని పిలవడం వినబడింది. ఒళ్ళోని పిల్లి లేచి ఒళ్ళు విరుచుకుని తలుపు వైపు నడిచింది. షైనీ దాన్ని ఎత్తుకుని వెనక్కి తెచ్చింది.

ఎందుకలా చేసిందో తర్వాత ఆమె ఎంత ఆలోచించినా పూర్తిగా చెప్పుకోలేకపోయింది. మర్నాడు ఆదివారం. అభిలాష్ చర్చికి వెళ్ళాడు. దీనమ్మ గారు వంటింట్లో ఉంది. షైనీ చుక్కని గదిలో పెట్టి కిటికీ రెక్కలు మూసింది. గడియ పెట్టకుండా తలుపు వేసి పక్కనే నేల మీద కూర్చుంది. పిల్లి కోసం పిల్ల రావాలి. వచ్చి తలుపు తోయాలి. లోపలికి వచ్చి, ఒళ్ళో ఉన్న చుక్కని చూడాలి, నిమరాలి. నిమురుతూ నిమురుతూ తన చెయ్యీ తగలాలి. అంతకన్నా ఎక్కువేమీ అడగదు.

చుక్క కాసేపు ఊరుకుంది. తర్వాత తలుపు గీకింది. కిటికీ మీదికి ఎక్కి రెక్కల్ని గీకింది. తర్వాత అరవడం మొదలుపెట్టింది. కూనగా వానలో వచ్చినప్పుడు తప్ప అది అలా అరవగా షైనీ వినలేదు. అయినా తలుపు తీయలేదు.

"చుక్కా?" తలుపు అవతల శారోన్. "ఆంటీ, చుక్కని వదిలెయ్యండి. ఏడుస్తోంది. ఆంటీ!"

తలుపు కొద్దిగా తెరుచుకుంది. చిన్న చెయ్యి లోపలికి వచ్చింది, పిల్లి కోసం. ఆ చేతి మీద తను ఎన్నిసార్లు గోరింటాకు పెట్టిందో. షైనీ తనకి తెలియకుండానే ఆ చెయ్యి పట్టుకుంది. పట్టుకుని లోపలికి లాగి రెండు చేతులా గుండెకి హత్తుకుంది. చున్నీ జారిపోయింది.

"శారూ, నేనేనమ్మా, మమ్మీనే. నేనే నీ మమ్మీని. చూడు నన్ను..."

శారోన్ అరవలేదు. అరిచినా బాగుండేది. ఆ మొహంలోంచి మమ్మీ గొంతు వచ్చేసరికి పిల్ల కొయ్యబారిపోయింది. కళ్ళు తేలేసి, పెదాలు నీలంగా అయి, గౌను తడిపేసుకుంది. చుక్క షైనీ భుజం మీదుగా దూకి గీరేసి తలుపులోంచి పారిపోయింది. దీనమ్మ గారు పరుగెత్తుకొచ్చి పిల్లని లాక్కుంటే గానీ షైనీ చేతులు విడలేదు.

"ఏం చేసేవమ్మా? ఏం చేసేవు?" అంది ముసలామె. అంది గానీ ఆమె తిట్టలేదు. అలా అంటూనే పిల్లని ఎత్తుకుని ఏడ్చింది.

ఆ మధ్యాహ్నానికి శారోన్‌కి జ్వరం వచ్చింది. మర్నాడు ఐనవిల్లి నుంచి అభిలాష్ అక్క శాంతి వచ్చి పిల్లని తీసుకెళ్ళింది. "కొన్నాళ్ళు నా దగ్గరుంచుతాను. నువ్వేమీ అనుకోకమ్మా షైనీ" అంది తలుపు బయటి నుంచే. షైనీ రోజూ ఫోన్ చేసింది. ఒక్కరోజూ పిల్ల మాట్లాడలేదు. మమ్మీ అనగానే చెవులు మూసుకుంటోందని శాంతి దాచలేక చెప్పింది. మొహం ముందే పోయింది. ఇప్పుడు గొంతు కూడా పోయింది. ఆ పిల్ల ఏడుస్తూ పిలవడానికి ఆసుపత్రిలోనైనా ఒక తల్లి ఉండేది. ఆ తల్లిని కూడా షైనీ తన చేతులతోనే తీసేసింది.

చుక్క మళ్ళీ గదిలోకి రాలేదు. గిన్నెలో పాలు పోసి పిలిస్తే ప్రహరీ మీద కూర్చుని చూసేది. దగ్గరికెళ్తే దిగి వెళ్ళిపోయేది. ఇప్పటికి దానికీ తెలిసిందన్నమాట, అనుకుంది షైనీ.

అన్నం మానేసింది. మందులు అభిలాష్ చేతిలోంచి తీసుకుని దిండు కింద పెట్టేది. ఒక సాయంత్రం దీనమ్మ గారు కునుకు తీస్తుంటే పెరటి తలుపు తీసుకుని కాలవ రేవులోకి వెళ్ళింది. చున్నీ వేసుకోలేదు. ఎందుకు వెళ్ళిందో ఆమె మనసులో స్పష్టంగా లేదు. స్పష్టంగా లేదని కూడా అనలేం. పై మెట్టు మీద చుక్క కూర్చుని ఉంది. ఆమెని చూసి కాస్త పక్కకి జరిగింది గానీ లేవలేదు. అటే, ఆ పూల వైపే చూస్తోంది.

షైనీ రెండు మెట్లు దిగి, నీళ్ళలో పాదాలుంచి నిలబడింది. అది ఏం చూస్తుందో చివరిసారి తనూ చూడాలనిపించింది. ఊదాపూలు. వాటి మీద ఎండ. పూల మధ్య ఇరుక్కున్న బిస్కెట్ కవరు. బాగానే ఉంది. నిజంగానే బాగుంది. చుక్క మెడ ఇంకాస్త ముందుకి సాచింది. వీపు మీద వెంట్రుకలు సన్నగా కదిలాయి. ఉన్నట్టుండి ఆకుల మధ్యకి దూకి, నోట్లో కప్పతో పైకి వచ్చింది.

అంతే. ఇన్ని సాయంత్రాలుగా చూసింది కప్పని.

షైనీ నోట్లోంచి వచ్చింది నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. మెట్టు మీద కూలబడి నడుము దాకా తడిసిపోయింది. ఆ చప్పుడికి, అప్పుడే బడి నుంచి వచ్చిన అభిలాష్ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. నీళ్ళలో ఉన్న భార్యని చూసి చెప్పులతోనే దిగి రెక్క పట్టుకున్నాడు.

"కప్పండీ," అంది షైనీ. "అది కప్పని చూసిందండీ. మీరు చెప్పిందే నిజం. దానికేం తెలీదు."

అభిలాష్ ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుండిపోయాడు. ప్యాంటు తడుస్తున్నా లేవలేదు.

"నాకేం తెలుసని చెప్పేను?" అన్నాడు. "పుస్తకంలో కన్ను ఎలా పనిచేస్తుందో ఉంటుంది షైనీ. దాని బుర్రలో ఏముందో ఎవడూ రాయలేదు. కప్ప కోసం కూర్చుంటే కూర్చుంది. వానలో ఏ కప్ప కోసం కూర్చుంటోంది? నాకు తెలీదు."

"మరి ఇప్పుడెందుకు రావట్లేదు నా దగ్గరికి?"

"గదిలో పెట్టి తలుపేసేవు కదా. అంత సేపు అరిచింది. ఏ పిల్లయినా రాదు." ఆ మాట అని, తనే ఆగిపోయాడు. అప్పుడు తల తిప్పి ఆమె మొహంలోకి చూశాడు. లాగేసిన రెప్పని, చెంపని, పెదవి చివరని. అతని కళ్ళు నిండాయి గానీ చూపు తిప్పలేదు. "నాకు భయం వేసింది. నిన్ను చూస్తే కాదు. చూస్తే నా మొహంలో ఏం కనబడుతుందో, దాన్ని నువ్వెక్కడ చూస్తావో అని. అందుకే చూడలేదు. పిల్లదానికీ అంతే చేసేం మనం. భయపడే పిల్లకి అబద్ధం చెప్పి ఇంకా భయపెట్టేం."

అతను చూస్తున్నంతసేపూ ఆమెకి మొహం దాచుకోవాలని చేతులు లేస్తూనే ఉన్నాయి. లేచిన చేతుల్ని మళ్ళీ మళ్ళీ ఒళ్ళోకి దించుకుంది.

తర్వాతి శనివారం ఆమె ఐనవిల్లి బస్సెక్కింది. అభిలాష్ బండి మీద దింపుతానన్నాడు. వద్దంది. చున్నీ భుజాల మీదే ఉంచుకుంది. బస్సు నిండా జనం, ఆమె పక్క సీటు మాత్రం ముక్కామల దాకా ఖాళీ. కండక్టరు ఆమె చేతికి టిక్కెట్టిస్తూ డోరు వైపు చూశాడు. ముందు సీట్లో చంటిపిల్ల ఒకటి తల్లి భుజం మీదుగా చూసి మొహం దాచుకుంది. మళ్ళీ చూసింది. మళ్ళీ దాచుకుంది. రెండుసార్లు దిగిపోదామని లేచి మళ్ళీ కూర్చుంది.

శాంతి ఆమెని చూసి గుమ్మంలోనే కంగారు పడింది. "అయ్యో, చెప్పాపెట్టకుండా... పిల్ల లోపలే ఉంది. ఎలాగమ్మా ఇప్పుడు?"

"నేను లోపలికి రానండీ వదినగారూ. ఇక్కడే కూర్చుంటాను. నేనొచ్చేనని దానికి చెప్పండి. మమ్మీయే వచ్చిందని చెప్పండి. మొహం కాలిపోయిందని కూడా చెప్పండి. చూడాలనిపిస్తే కిటికీలోంచి చూడమనండి. లేకపోతే లేదు."

వరండా చివరి మెట్టు మీద కూర్చుంది. మొహం కిటికీ వైపు పెట్టింది. లోపల శాంతి గొంతు, తర్వాత చిన్న ఏడుపు. ఆ ఏడుపుకి లేచి పారిపోవాలనిపించింది షైనీకి. కొబ్బరి దింపు జరుగుతున్నట్టుంది, పక్క దొడ్లో కాయలు ధబ్బుధబ్బున పడుతున్నాయి. ఎండ మెట్టు మీదికి వచ్చింది. కాలిన చర్మం మీద ఎండ పడకూడదని డాక్టర్లు చెప్పారు. అయినా జరగలేదు. జరిగితే కిటికీకి కనబడదు.

కిటికీ ఊచల వెనక కర్టెన్ కదిలింది. ఒక కన్ను కనబడి మాయమైంది. చాలాసేపటికి రెండు కళ్ళు.

"నువ్వు మమ్మీవా?"

షైనీ అవునన్నట్టు తల ఊపింది. "ఆయ్."

గొంతు విని పిల్ల మళ్ళీ కర్టెన్ వెనక్కి వెళ్ళింది. షైనీ మెట్టు మీంచి కదల్లేదు. పిలవలేదు.

"మమ్మీ మొహం ఇలా ఉండదు." కర్టెన్ వెనక నుంచే.

"ఇదివరకు ఉండేది కాదమ్మా. పార్లర్లో మంట వచ్చింది. కాలిపోయింది."

"మామ్మ నువ్వు ఫ్రెండువని చెప్పింది."

"నువ్వు భయపడ్డావని చెప్పింది. అది అబద్ధం. మొన్న నిన్ను లాగేను చూడు, అదీ తప్పే. ఇంకెప్పుడూ అలా లాగను."

కర్టెన్ పక్కకి జరిగింది. శారోన్ ఊచలు పట్టుకుని నిలబడి, ఇప్పుడు దాచుకోకుండా చూసింది. ఆ చెవిని, ఆ మెడని, ఆ వేళ్ళని.

"నీ మొహం బాలేదు," అంది.

"శారూ! తప్పు!" అని లోపలి నుంచి శాంతి. షైనీ చెయ్యెత్తి ఆమెని వారించింది. ఇన్నాళ్ళలో ఒక్కరూ ఆ మాట అనలేదు. అందరూ క్యాలెండర్ వైపు చూసి, దేవుడున్నాడమ్మా అన్నవాళ్ళే. ఆ మాట విన్నాక గుండె కోసుకుపోతుందనుకుంది. కోసుకుపోయింది కూడా. కానీ దాని వెనకే చిన్న తెరిపి వచ్చింది.

"బాలేదమ్మా," అంది.

శారోన్ ఆలోచించింది. "మరి చుక్క ఎందుకొచ్చింది నీ దగ్గరికి? దానికి కళ్ళు కనబడవా?"

"కనబడతాయి. చీకట్లో కూడా కనబడతాయి."

"మరి బాగుందో బాలేదో తెలీదా దానికి?"

"నాకూ తెలీలేదు శారూ. రోజూ అదే ఆలోచించేను. డాడీకి కూడా తెలీదంట."

"దానికి నువ్వు బాగుంటావేమో." అని, వెంటనే గట్టిగా, "నాకు బాలేవు," అంది పిల్ల.

"సరే."

కిటికీ దగ్గర్నుంచి పిల్ల వెళ్ళిపోయింది. అయిపోయిందనుకుంది షైనీ. కాసేపటికి గుమ్మం దగ్గర చిన్న కాళ్ళు కనిపించాయి. శారోన్ గడప అవతలే కూర్చుంది. వాళ్ళిద్దరి మధ్యా వరండా అంతా ఉంది. చేతిలో జంతిక ఉంది. తింటూ చూసింది. ఆ చెయ్యి తగిలితే తనకీ అలాగే అవుతుందా అని అడిగింది. అవదని షైనీ చెప్పింది. నమ్మినట్టు లేదు. నొప్పిగా ఉందా అని అడగలేదు. గారాలు పోలేదు. తినడం అయ్యాక గౌనుకి చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళి కార్టూన్లు పెట్టుకుంది. షైనీ మెట్టు మీదే కూర్చుని ఆ చప్పుడు వింది. మధ్యలో ఒకసారి పిల్ల నవ్వింది. ఆ నవ్వు తన కోసం కాదని తెలిసినా చెవి ఒగ్గి వింది.

పొద్దు వాలేవేళకి శాంతి టీ తెచ్చి, ఇంకాసేపుంటే బస్సు దొరకదంది. "నీతో వస్తావా అని దాన్ని అడగనా అమ్మా?" అంది కళ్ళొత్తుకుంటూ.

"వద్దండీ. ఇక్కడే ఉండనివ్వండి. నేనే మళ్ళీ వస్తాను."

రోడ్డు ఇంటి ముందే. షైనీ గేటు దాటి బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడింది. ఇంటికెళ్ళాక ఆ ఖాళీ హాల్లోంచి నడిచి గదిలోకి ఎలా వెళ్ళాలో ఆమెకి తెలియట్లేదు. వెనకాల గేటు కిర్రుమంది. శాంతి అనుకుంది. కానీ ఆ పాదాల చప్పుడు శాంతిది కాదు.

ఎడమ వైపుగా తిరిగితేనే గేటు కనబడుతుంది. ఎడమ వైపంతా కాలినదే. అలా తిరగకుండా ఒక్క క్షణం ఆగింది షైనీ. తర్వాత తిరిగింది.

శారోన్ గేటు ఊచ పట్టుకుని నిలబడి ఉంది. దగ్గరికి రాలేదు. లోపలికీ పోలేదు. బస్సు వచ్చి ఆగి, షైనీ ఎక్కి కిటికీ పక్కన కూర్చుని తిరిగి చూసినప్పుడు కూడా పిల్ల అక్కడే ఉండి చూస్తోంది.